చలి రాకముందే ఇల్లు సిద్ధం: కశ్మీర్ లోయ నుంచి మన్యం దాకా

కశ్మీర్ లోయలో ఏటా డిసెంబర్ 21న ‘చిల్లై కలాన్’ మొదలవుతుంది. జనవరి 30 వరకు సాగే ఈ 40 రోజులు అక్కడి శీతకాలంలో అతి కఠినమైనవి. తరువాత 20 రోజుల ‘చిల్లై ఖుర్ద్’, ఆపై 10 రోజుల ‘చిల్లై బచ్చా’ వస్తాయి. మొత్తం 70 రోజుల ఈ చలికి లోయ ప్రజలు శరదృతువు నుంచే తమ ఇళ్ళను సిద్ధం చేసుకుంటారు. 2024 డిసెంబర్ 21న, అంటే చిల్లై కలాన్ తొలి రాత్రే, శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అక్కడి వాతావరణ రికార్డుల్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1893 జనవరిలోని మైనస్ 14.4 డిగ్రీలు.

ఇల్లు వెచ్చగా ఉండాలంటే తలుపులు, కిటికీలు, సందులు మూసుకోవాలి. లోపల నిప్పు రాజేస్తే మాత్రం గాలి ఆడాలి. శీతకాలంలో జరిగే విషాదాలలో కొన్ని ఈ రెండింటి మధ్య తూకం తప్పడం వల్ల సంభవిస్తున్నాయి. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ వద్ద ఒక విడిదిలో రాత్రి బస చేసిన 8 మంది కేరళ పర్యాటకులు ఒకే గదిలో మరణించారు. గదిని వెచ్చబరచడానికి పెట్టుకున్న గ్యాస్ హీటరే కారణమని అనుమానించారు. చలికి ఇంటిని ఎలా సిద్ధం చేయాలో, ఏ జాగ్రత్తలు విస్మరించకూడదో వివరించేదే ఈ కథనం. హిమాలయ ప్రాంతాల అనుభవంతో పాటు, తెలుగు రాష్ట్రాల చలి ప్రాంతాలకు పనికివచ్చే అంశాలు కూడా ఇందులో ఉన్నాయి.

చలిగాలులని ఎప్పుడు ప్రకటిస్తారు?

భారత వాతావరణ విభాగం ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువగా ఉండి, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా ఆ పైన తగ్గితే చలిగాలులుగా పరిగణిస్తారు. ఆ తగ్గుదల 6.4 డిగ్రీలను మించితే తీవ్ర చలిగాలులు. సాధారణంతో పోలిక లేకుండానే, కనిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు చేరితే చలిగాలులని, 2 డిగ్రీలకు చేరితే తీవ్ర చలిగాలులని ప్రకటిస్తారు. కొండ ప్రాంతాలకు ప్రాథమిక ప్రమాణం సున్నా డిగ్రీలు. తీర ప్రాంతాలకు ప్రమాణం వేరు. అక్కడ కనిష్ఠం 15 డిగ్రీలకు దిగి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు తగ్గినా హెచ్చరిక జారీ కావచ్చు. వేడికి అలవాటుపడిన శరీరానికి, వేడి కోసమే కట్టిన ఇంటికి 12 డిగ్రీలు కూడా కష్టమేనన్న గ్రహింపు ఈ తేడాలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన గృహ, ఆరోగ్య మార్గదర్శకాలు చలి రోజులలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని సూచించాయి. గది చల్లబడిన కొద్దీ రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది, శ్వాసకోశ వ్యాధులు ముదురుతాయి. వృద్ధులు, పసిపిల్లలు, గుండె జబ్బులు, ఉబ్బసం ఉన్నవారు ఉండే గదికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.

ఇంటి నుంచి వేడి ఎలా పోతుంది?

వేడి మూడు దారులలో బయటికి పోతుంది. మొదటిది గాలి. వెచ్చని గాలి తేలికై పైకి లేచి కప్పు సందుల నుంచి, వెంటిలేటర్ల నుంచి వెళ్ళిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి తలుపు కింది సందు నుంచి చల్లని గాలి లోపలికి వస్తుంది. రెండవది గోడలు, నేల, కిటికీ అద్దాల ద్వారా జరిగే ఉష్ణ ప్రసారం. ఒంటి అద్దం కిటికీ, ఇనుప రేకు, పలుచని కాంక్రీటు వేడిని త్వరగా వదిలేస్తాయి. కర్ర, మట్టి, గడ్డి, ఉన్ని నెమ్మదిగా వదులుతాయి. మూడవది వికిరణం. మబ్బులు లేని రాత్రి ఇంటి పైకప్పు తనలోని వేడిని ఆకాశంలోకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. తెల్లవారుజామున స్లాబు కింద పడుకున్నవారికి చలి ఎక్కువగా అనిపించడానికి ఇదొక కారణం.

వీటిలో తక్కువ ఖర్చుతో అడ్డుకోగలిగినది గాలి. అందుకు చిన్న పరీక్ష ఉంది. గాలి వీచే రోజున ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చట్రాల వెంట, తలుపు అంచుల వెంట, గోడలో కేబులు కోసం వేసిన రంధ్రాల వెంట నెమ్మదిగా జరపాలి. పొగ వంగిన చోటల్లా గాలి లోపలికి వస్తున్నట్లే. కదలని చట్రాల పగుళ్ళను పుట్టీతో గాని సిలికాన్‌తో గాని పూడ్చాలి. తెరిచి మూసే రెక్కల అంచులకు రబ్బరు లేదా నురగ పట్టీలు అంటించాలి. గడప లేని తలుపు కింద ఇసుకో పాత బట్టలో నింపిన పొడవాటి గుడ్డ సంచిని అడ్డంగా పెట్టినా సరిపోతుంది.

కిటికీ అద్దానికి లోపలివైపు చట్రం చుట్టూ పారదర్శకమైన పాలిథిన్ పొరను బిగుతుగా అంటించడం కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్‌లలో ఏటా కనిపించే పని. ఇక్కడ చలిని ఆపేది ప్లాస్టిక్ కాదు, అద్దానికీ పొరకూ మధ్య చిక్కుకున్న నిశ్చలమైన గాలి. రెండు అద్దాల కిటికీ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. పూర్వం శ్రీనగర్ ఇళ్ళలో ‘పింజ్రాకారీ’ అనే చెక్క జాలీ కిటికీలకు శీతకాలంలో కాగితం అంటించేవారు. వెలుతురు వచ్చేది, గాలి ఆగేది. పరదాల విషయంలోనూ ఒక నియమం ఉంది. పగలు ఎండ వచ్చే కిటికీల పరదాలు పూర్తిగా తెరవాలి, సూర్యాస్తమయం కాగానే మూసివేయాలి. పరదా నేలను తాకేలా ఉంటే ఫలితం ఎక్కువ.

నేల, కప్పు, ఒక గది

చలికాలంలో ఇల్లంతటినీ వెచ్చబరచాలని హిమాలయ ప్రాంతాల ప్రజలు ఎప్పుడూ ప్రయత్నించలేదు. కుటుంబమంతా ఒక గదిలోకి చేరడం వారి సంప్రదాయం. పాత కశ్మీరీ ఇంట్లో వేసవి నివాసం గాలి వెలుతురు ఎక్కువగా ఉండే పై అంతస్తులో, శీతకాల నివాసం మందపాటి గోడల కింది అంతస్తులో ఉండేది. లద్దాఖ్ ఇంట్లో చలికాలమంతా జీవితం వంటగది చుట్టూ తిరుగుతుంది. హిమాచల్‌లో కొయ్య దూలాలనూ రాళ్ళనూ వరుసలుగా పేర్చి కట్టే ‘కాఠ్‌కుణీ’ ఇళ్ళలో కింది అంతస్తు పశువులకు, పై అంతస్తులు మనుషులకు. పశువుల శరీరాల వేడి కూడా పైఅంతస్తు నేలకు చేరుతుంది.

ఈ పద్ధతి నేటి ఇళ్ళకూ వర్తిస్తుంది. దక్షిణపు ఎండ వచ్చే గదిని, బయటి గోడలు తక్కువగా ఉన్న గదిని శీతకాలపు గదిగా ఎంచుకోవాలి. అక్కడి నేలను ముందుగా కప్పాలి. కశ్మీర్‌లో నేల మీద మొదట రెల్లు చాప ‘వగువ్’ పరచి, దానిపై ‘నమ్దా’ అనే ఉన్ని పరుపునో, పాత కంబళ్ళతో కుట్టిన ‘గబ్బా’నో వేస్తారు. మన ఇళ్ళలో చాప మీద జంపఖానా, దాని మీద గొంగళి లేదా బొంత వేసుకుంటే చాలావరకు అదే ఫలితం దక్కుతుంది. నాపరాయి, గ్రానైట్, టైల్స్ నేలల మీద నేరుగా పడుకోవడం మంచిది కాదు.

పైకప్పు రేకులదైతే కింద తప్పనిసరిగా చెక్క, ప్లైవుడ్ లేదా థర్మోకోల్ వంటి పదార్థంతో సీలింగు ఉండాలి. రేకుకూ సీలింగుకూ మధ్య ఉండే గాలిపొర చలిని తగ్గిస్తుంది. సీలింగు మీద గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్ పరిస్తే మరింత మేలు. లద్దాఖ్‌లో సంప్రదాయ కప్పును పాప్లార్ దూలాల మీద విల్లో కొమ్మలు, గడ్డి, ఆపై దట్టమైన మట్టితో వేస్తారు. మన రాయలసీమ మట్టి మిద్దెకు అది దగ్గరి బంధువు. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కురవడమే ఎక్కువైన చోట ఆ కప్పు బాగా నిలిచింది. అయితే 2010 ఆగస్టులో లేహ్‌లో కురిసిన కుంభవృష్టి మట్టి ఇళ్ళను తీవ్రంగా దెబ్బతీసింది. అందువల్ల కొత్తగా మట్టి కప్పు వేసుకునేవారు వాన నీరు నిలవకుండా వాలు, నీరు ఇంకకుండా పొర తప్పక ఏర్పాటు చేసుకోవాలి.

మంచు కురిసే చోట కప్పు బరువును మోయగలగాలి. కురిసి అణిగిన మంచు ఘనపు మీటరుకు 200 కిలోలకు పైగా తూగుతుంది. ఆ లెక్కన 30 సెంటీమీటర్ల మందాన పేరుకుంటే చదరపు మీటరుకు 60 కిలోలు, 100 చదరపు మీటర్ల కప్పు మీద 6 టన్నులు. తడి మంచైతే ఇంకా ఎక్కువ. కశ్మీర్ ఇళ్ళకు ఏటవాలు రేకుల కప్పులు వచ్చింది ఇందుకే. చలి మొదలయ్యే ముందే తుప్పు పట్టిన మేకులు, వదులైన రేకులు, పుచ్చిన వాసాలు మార్చాలి. చూరు కాలువల్లోని ఆకులు తీసివేయాలి. కప్పు మీద నుంచి మంచు ఒక్కసారిగా జారిపడే చోట దారి గాని, పిల్లలు ఆడే స్థలం గాని ఉండకూడదు.

నీటి గొట్టాలు

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో ఆ పెరుగుదలకు చోటు ఉండదు కాబట్టి గొట్టం చీలుతుంది. మంచు గడ్డే చీలికకు అడ్డుగా నిలవడంతో ఆ సమయంలో నష్టం కనిపించదు. ఎండెక్కి గడ్డ కరిగాక నీరు చిమ్ముతుంది. అప్పటికి ఇంట్లోవారు పనులకు వెళ్ళి ఉంటే గోడలు, పరుపులు, విద్యుత్ తీగలు తడిసిపోతాయి.

దీన్ని నివారించే పనులన్నీ చలికి ముందే చేయవలసినవి. బయట కనిపించే గొట్టాలకు, ముఖ్యంగా ఉత్తరపు గోడ మీద ఉన్నవాటికి, నురగ తొడుగులు వేయాలి. అవి దొరకని చోట గోనెపట్టా చుట్టి, అది తడవకుండా పైన పాలిథిన్ కట్టాలి. తడిసిన గోనెపట్టా చలిని ఆపదు. ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. ఉష్ణోగ్రత సున్నా కంటే బాగా దిగజారే రాత్రి వాల్వు మూసి, కుళాయిలు తెరిచి గొట్టాలను ఖాళీ చేయడం అన్నిటికంటే సురక్షితం. అలా వీలుకాకపోతే చివరి కుళాయిని సన్నని ధారగా వదలాలి. కదిలే నీరు త్వరగా గడ్డకట్టదు.

గడ్డకట్టిన గొట్టాన్ని కాగితాలు అంటించి, స్టౌ మంట చూపి కరిగించడం ప్రమాదకరం. ముందుగా కుళాయి తెరిచి, ఆ కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వేడి నీటిలో పిండిన గుడ్డలు చుడుతూ వెనక్కి రావాలి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీటికి దారి ఉండదు. గీజరుకు నీరు వచ్చే గొట్టం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే గీజరు స్విచ్చి వేయకూడదు. ఇల్లు తాళం వేసి ఊరు వెళ్ళేవారు ట్యాంకు, గొట్టాలు, ఫ్లష్ తొట్టి అన్నీ ఖాళీ చేసి వెళ్ళాలి.

ఎండను ఇంట్లోకి తెచ్చే పద్ధతి

సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో శీతకాలంలో చలి ఎంత తీవ్రమో ఎండ అంత నిర్మలం. డిసెంబర్ చివరి వారంలో మధ్యాహ్నం అక్కడ సూర్యుడు క్షితిజానికి సుమారు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో దాదాపు 79 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. అందువల్ల దక్షిణ ముఖంగా పెద్ద కిటికీలు పెడితే శీతకాలపు వాలు ఎండ గది లోపలి గోడల దాకా వస్తుంది. వేసవి నడినెత్తి ఎండను చూరు ఆపుతుంది. ఉత్తరపు గోడను మందంగా, కిటికీలు లేకుండా కట్టాలి.

ఈ సూత్రంతోనే ‘ట్రాంబ్ గోడ’ పనిచేస్తుంది. ఫ్రెంచ్ ఇంజనీరు ఫెలిక్స్ ట్రాంబ్ పేరు దానికి స్థిరపడింది. దక్షిణాన మందపాటి మట్టి లేదా రాతి గోడ కట్టి, నల్ల రంగు వేసి, కొద్ది దూరంలో అద్దం బిగిస్తారు. పగలు ఎండకు వేడెక్కిన గోడ రాత్రి గదిలోకి వేడిని నెమ్మదిగా వదులుతుంది. 1988లో ప్రారంభమైన లద్దాఖ్ విద్యార్థుల సంస్థ ‘సెక్‌మాల్’ ఫే గ్రామం వద్ద మట్టితో కట్టుకున్న ప్రాంగణం ఇటువంటి సౌర నిర్మాణానికి దేశంలోనే పేరెన్నికగన్న ఉదాహరణ. కొత్తగా ఇల్లు కట్టనవసరం లేకుండా కూడా దీన్ని కొంతవరకు పాటించవచ్చు. చాలా లద్దాఖీ ఇళ్ళకు చలికాలంలో దక్షిణపు వైపు కర్ర చట్రంతో, పాలిథిన్ లేదా అద్దంతో గాజు గది ఏర్పాటు చేస్తారు. పగలు అందులో కూర్చుంటారు, దాని వేడిని లోపలి గదులకు పంపుతారు. వేసవిలో దాన్ని తెరిచేస్తారు.

కుంపటి, బుఖారీ, హమామ్

కశ్మీరీలు ఫెరన్ లోపల పట్టుకు తిరిగే ‘కాంగ్రీ’ మన కుంపటి వంటిదే. మట్టి మూకుడు చుట్టూ విల్లో బద్దల అల్లిక ఉంటుంది. శరదృతువులో రాలిన చినార్ ఆకులను, కొమ్మలను కాల్చి చేసిన బొగ్గు అందులో నివురు కింద గంటల తరబడి రగులుతుంది. చరారె షరీఫ్, బందిపొరా కాంగ్రీలకు ప్రసిద్ధి. దీర్ఘకాలం పొట్టకు, తొడలకు ఆనించుకునేవారిలో చర్మ క్యాన్సర్ వస్తున్నదని 19వ శతాబ్దంలోనే వైద్యులు గుర్తించారు. పడక లోకి కాంగ్రీ తీసుకువెళితే ఒళ్ళు కాలడం, ఇల్లు తగలబడడం కూడా సంభవిస్తాయి.

‘బుఖారీ’ పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి. హిమాచల్‌లో ఇటువంటిదాన్నే తందూర్ అంటారు. ‘హమామ్’లో నేల కింద ఖాళీ ఉంచి, అందులో కట్టెలు కాలుస్తారు. పైన పరచిన రాతి పలకలు వేడెక్కి గది అంతా వెచ్చబడుతుంది. రాగి పాత్రలో నీళ్ళు కూడా కాగుతాయి. అఫ్గానిస్థాన్‌లోని ‘తావాఖానా’ కూడా నేల కింద మంటతో పనిచేసేదే. ఈ పద్ధతులలో మంట గది గాలితో కలవదు, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. అందుకే గదిలో నేరుగా బొగ్గులు రాజేయడం కంటే ఇవి మేలు. అయితే గొట్టం శుభ్రంగా ఉన్నప్పుడే ఈ మాట నిలుస్తుంది. ప్రతి శీతకాలానికి ముందు గొట్టాన్ని విప్పి మసి దులపాలి, పక్షి గూళ్ళు ఉంటే తీయాలి. అతుకుల వద్ద సందులు ఉండకూడదు. పైచివర కప్పు కొప్పు కంటే ఎత్తుగా ఉండాలి, లేకపోతే గాలి పొగను లోపలికే నెడుతుంది. చెక్క సీలింగులోంచి గొట్టం వెళ్ళే చోట చుట్టూ తగినంత ఖాళీ, రేకు కవచం ఉండాలి.

కనిపించని విషవాయువు

బొగ్గు, కట్టె, గ్యాస్, కిరోసిన్, ఏది కాలినా తగినంత ప్రాణవాయువు అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, నీరసం కలుగుతాయి. వాటిని జలుబుగానో అలసటగానో భావించి పడుకున్నవారు నిద్రలోనే స్పృహ కోల్పోతారు.

ఇక్కడ చాలామందిని మోసం చేసేది పొగ. కట్టెలు మండుతుంటే కళ్ళు మండి తలుపు తీస్తాం. బాగా రగిలిన బొగ్గులకు పొగ ఉండదు, కాబట్టి అవి నిరపాయమని గదిలో పెట్టుకుని తలుపు మూస్తాం. నిజానికి ఎర్రగా రగిలే బొగ్గుల నుంచే ఈ వాయువు అధికంగా వస్తుంది. కశ్మీర్‌లోనూ, ఢిల్లీ పరిసరాలలోనూ దాదాపు ప్రతి శీతకాలంలో ఇటువంటి మరణాల వార్తలు వస్తున్నాయి. చిన్న గదులలో అంగీఠీ పెట్టుకుని నిద్రించే కార్మికులు, కాపలాదారులు ఇందుకు ఎక్కువగా బలవుతున్నారు.

కాబట్టి పడుకునే గదిలో కుంపటి, అంగీఠీ, పొగగొట్టం లేని గ్యాస్ హీటరు ఉండకూడదు. గది వెచ్చబడ్డాక పడుకునే ముందు కుంపటిని ఆరుబయట పెట్టాలి. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచడం పగటిపూట కొంత రక్షణే గాని, నిద్రలో ఉన్నవారికి అది భరోసా కాదు. గ్యాస్ గీజరును స్నానాల గది లోపల కాకుండా గాలి బాగా ఆడే బయటి గోడకు బిగించాలి. పొగగొట్టాల పొయ్యి వాడే ఇళ్ళలో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే పరికరం పెట్టుకోవడం అవసరం. ఒక ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, మత్తు కలిగితే ముందుగా తలుపులు తెరిచి అందరినీ బయటికి తీసుకురావాలి, మంటను ఆర్పాలి, 112 లేదా 108 కు ఫోన్ చేయాలి. తేరుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

విద్యుత్ హీటర్లు

విద్యుత్ హీటరు విషవాయువును విడుదల చేయదు. దాని ప్రమాదం వేరు. 2,000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్ల విద్యుత్ తీసుకుంటుంది. ఫోన్ ఛార్జింగుకు వాడే చిన్న సాకెట్‌కు గాని, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకు గాని దాన్ని తగిలిస్తే తీగ వేడెక్కి అంటుకుంటుంది. మందపాటి తీగ వేసిన పెద్ద సాకెట్‌నే వాడాలి. ఇంటికి ఎర్తింగు, లీకేజీని గుర్తించి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. నూనె నింపిన రేడియేటరు నెమ్మదిగా వేడెక్కినా, ఎర్రని తీగ బయటికి కనపడదు కాబట్టి పిల్లలున్న ఇంటికి మేలు. పరదాలు, పరుపులు, ఆరవేసిన బట్టలు హీటరుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి.

వేడి చేసే సదుపాయం ఉన్న ఇన్వర్టరు ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. అందువల్ల మామూలు చలిలో తాను వాడే విద్యుత్‌కు రెండు మూడు రెట్ల వేడిని ఇవ్వగలదు. చలి తీవ్రమైన కొద్దీ ఆ సామర్థ్యం తగ్గుతుంది. మైదాన ప్రాంత నగరాలకు ఇది అనువైనది. నీళ్ళు కాచే ఇమ్మర్షన్ రాడ్డును స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీటిని తాకాలి.

నిల్వలు, దారులు

చలికి ఇంటిని సిద్ధం చేయడమంటే వంటింటిని సిద్ధం చేయడం కూడా. మంచు వల్ల దారులు మూసుకుపోయే చోట ఇది ప్రాణావసరం. సుమారు 3,500 మీటర్ల ఎత్తునున్న జోజీ లా కనుమ శీతకాలంలో మూతపడితే కశ్మీర్, లద్దాఖ్‌ల మధ్య రోడ్డు రాకపోకలు నిలిచిపోతాయి. కశ్మీరీలు వేసవిలోనే వంకాయ, ఆనపకాయ, టమాటా, టర్నిప్‌లను కోసి ఎండబెట్టి ‘హొఖ్ స్యున్’ పేరిట దాచుకుంటారు. మన ఒరుగులకు అవి సోదరులు. బియ్యం, పప్పు, కట్టెలు, మందులు రెండు మూడు వారాలకు సరిపడా ఉంచుకోవడం అక్కడి రివాజు. నిత్యం మందులు వాడేవారు ఉన్న ఇంట్లో మందుల నిల్వనే ముందుగా చూసుకోవాలి. టార్చి, బ్యాటరీలు, బ్యాటరీతో పనిచేసే రేడియో, మంచు తీసే పార తలుపుకు దగ్గరలో ఉండాలి. కట్టెలను వాన తగలని చోట గాలి ఆడేలా పేర్చాలి. పచ్చి కట్టె వేడి తక్కువ, మసి ఎక్కువ ఇస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో

మన ఇళ్ళు వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఎత్తైన కప్పులు, వెంటిలేటర్లు, చల్లని రాతి నేలలు ఏడాదిలో ఎక్కువ నెలలు మేలు చేసి, పుష్యమాసంలో ఇబ్బంది పెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలు, తెలంగాణలో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏటా చలికి వణుకుతాయి. లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతుంది.

మన్యంలోని పెంకుటిళ్ళలో గోడకూ కప్పుకూ మధ్య ఉండే ఖాళీలోంచే చలిగాలి ఎక్కువగా వస్తుంది. గాలి వీచే వైపు ఆ ఖాళీని తడకలతో, గోనెపట్టాలతో మూయవచ్చు. అయితే లోపల పొయ్యి వెలిగించే ఇంట్లో అన్ని వైపులా మూయకూడదు. పొయ్యికి ఎదురుగా పైభాగంలో పొగ పోయే దారి ఉంచాలి. మంచం లేనివారు నేల మీద ఎండు గడ్డి మందంగా పరచి, దానిపై చాప, దుప్పటి వేసుకోవాలి. గడ్డికి మంట దూరంగా ఉండాలి. బాలింతలు, పసిబిడ్డలు ఉన్న గదిలో చలి కాచడానికి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు పలు ప్రాంతాలలో ఉంది. తలుపులు మూసిన గదిలో అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. బిడ్డను తల్లి ఎదకు చర్మం తగిలేలా హత్తుకుని, ఇద్దరికీ కలిపి ఉన్ని దుప్పటి కప్పడమే అన్నిటికంటే సురక్షితమైన వెచ్చదనం.

వసతి గృహాల నిర్వాహకులు చలి ముదరకముందే పగిలిన కిటికీ అద్దాలు మార్చాలి, మంచాలు లేదా మందపాటి పరుపులు, తలకు ఒక ఉన్ని కంబళి సమకూర్చాలి. సౌర వేడినీటి యంత్రాల గొట్టాలను శుభ్రం చేయించాలి. పశువుల పాకలకు గాలి వీచే వైపు పట్టాలు కట్టి, నేల పొడిగా ఉంచాలి. నగరాలలో వెంటిలేటర్లను పూర్తిగా మూసివేయడం మంచిది కాదు. స్నానాల గదిలో, వంటగదిలో తేమ బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది, ఉబ్బసం పెరుగుతుంది. పగలు ఎండ ఉన్న వేళ అరగంట కిటికీలన్నీ తెరవాలి. చదువుకో, ఉద్యోగానికో, సైనిక సేవకో ఉత్తరాదికి వెళ్ళే మనవారు అద్దెకు గది తీసుకునే ముందు ఎండ వచ్చే దిక్కు, పొగగొట్టం, పెద్ద సాకెట్ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఎప్పుడు ఏ పని?

అక్టోబర్‌లో కప్పు, చూరు కాలువలు, వాసాలు, పొగగొట్టం తనిఖీ చేయాలి. కట్టెలు పేర్చాలి. నవంబర్‌లో అగరుబత్తి పరీక్ష జరిపి సందులు పూడ్చాలి, గొట్టాలకు తొడుగులు వేయాలి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, రగ్గులు కంబళ్ళు ఎండలో వేయాలి. డిసెంబర్ మొదటి పక్షంలో శీతకాలపు గదిని సర్దాలి, మందులు, సరుకుల నిల్వ పూర్తి చేయాలి. ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆకాశవాణి, దూరదర్శన్ ప్రాంతీయ వార్తలలో వచ్చే వాతావరణ సూచనను గమనించాలి.

ఇక ప్రతి రాత్రి పడుకునే ముందు చూసుకోవలసినవి నాలుగు: కుంపటి బయట ఉందా, హీటరు ఆగిందా, గ్యాస్ మూసి ఉందా, ఒంటరిగా ఉండే ఇరుగుపొరుగు వృద్ధుల ఇంట్లో అందరూ క్షేమమేనా. మొదటి మూడింటికి నిమిషం చాలు. నాలుగోదానికి ఒకసారి తలుపు తట్టాలి.